గోలు గుంజలు తీసే వేళ

తాడేపల్లిగూడెం స్టేషన్ దాటి పాసింజరు బండి వేగం అందుకుంది. ఖాదర్ మాత్రం ఒళ్ళో బుట్ట కింద పెట్టకుండా, కిటికీ ఊచ పట్టుకుని, మనసులో ఇంకా గూడెంలో రావుగారి ఎదుట ఆ వరండాలోనే కూర్చుని ఉన్నాడు. బుట్టలో సీతాఫలాలు, వాటి కిందా పైనా గడ్డి. కొత్త గడ్డి, ఇంకా పచ్చివాసన పోలేదు. పరకలు బుట్ట సందుల్లోంచి పొడుచుకొచ్చి పైజామా మీదుగా తొడకి గుచ్చుకుంటున్నాయి. గుచ్చుకోనీ, ఆ మాత్రం ఉండాల్సిందే అనుకున్నాడు. ఇంకో గంటలో ఏలూరు వస్తుంది. ప్లాట్‌ఫారం మీద మేనల్లుడు జాహిద్ ఉంటాడు, షాకిర్ ఉంటాడు, వాళ్ళ వెనకాల ఫుట్‌బాల్ టీములో సగం మంది ఉంటారు, అందరి నోటా ఒకటే ప్రశ్న. అడిగారా మామూ? ఆయన ఏమన్నారు? పొద్దున ఇదే దారిలో వెళ్తూ అడగాల్సిన మాట ఒకటి తయారు చేసుకున్నాడు. రావుగారండీ, గ్రౌండు అమ్మేస్తున్నారండీ, అది టీముకిచ్చానని మీరొక్క మాట చెబితే చాలండీ. దెందులూరులో ఆ 'చాలండీ' మొరటుగా తోచి తీసేసి 'మీ దయండీ' పెట్టాడు. భీమడోలులో 'అమ్మేస్తున్నారండీ' కాస్తా 'అమ్మేస్తున్నట్టు వింటున్నామండీ' అయింది. పూళ్ళ దాటేసరికి మాట నున్నగా తేలింది. అంత నున్నగా తేల్చిన మాట నోట్లోనే ఉండిపోయింది, ఇప్పుడు దాన్ని అలాగే వెనక్కి మోసుకొస్తున్నాడు.

అడగడం తనకి రాదు. ఆ సంగతి పేటలో అందరికీ తెలుసు, భార్య మరియంబీకి అందరికంటే బాగా తెలుసు. పొద్దున చొక్కా ఇస్త్రీ చేసి చేతికిస్తూ, "మీకు మీదికొచ్చిన బంతిని ఆపడమే వచ్చు, మీ అంతట మీరు ఒకటి తన్నడం రాదు. ఇవాళైనా నోరు విప్పండి" అంది. నిజమే, పదిహేడో ఏట నుంచీ గోల్‌కీపరు. పగలంతా తివాచీ మగ్గం ముందు కూర్చుని ఊలు ముడులు వెయ్యడం, సాయంత్రం గుంజల మధ్య నిలబడడం, ఆ రెంటికీ ఇవే చేతులు. వేళ్ళ కణుపులు వంకర తిరిగి ఉన్నాయి, ఏది మగ్గం తిప్పిందో ఏది బంతి తిప్పిందో చెప్పలేడు. ఎదురుగా కూర్చున్న పిల్ల తల్లి ఆ వేళ్ళ వంకే చూస్తోంది. ఖాదర్ చేతులు బుట్ట కిందికి దాచుకున్నాడు. ఎందుకు దాచుకోవడం? ఒకప్పుడు ఈ చేతులు చూడ్డానికి భీమవరం నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. ఆదివారం మ్యాచి ఉందంటే తమ్మిలేరు ఏటిగట్టు పొడుగునా మనుషులే, మంగలి కొట్లు మూసేసేవాళ్ళు, మేడల మీద ఆడవాళ్ళు, చెట్ల మీద పిల్లలు, గోలు పడితే ఆ అరుపు స్టేషన్ దాకా వినబడేదట. స్టేషన్ దాకా వినబడేదో లేదో గానీ, అలా చెప్పుకునేవాళ్ళు. చెప్పుకోవడం అదొక గొప్ప. గట్టు టీము అంటే జిల్లాలో ఒక పేరు.

బాదంపూడి. ఎవరూ దిగలేదు, ఒక పల్లీల బుట్ట ఎక్కింది. గట్టు టీముకి ఆ పేరు రాకముందు అక్కడ టీమూ లేదు, గ్రౌండూ లేదు, రావుగారి పొలం అంచున పనికిరాని ఎత్తు నేల ఒకటి ఉండేది. గంగాధరరావు గారు అప్పుడు కాలేజీ కుర్రాడు, కాళ్ళకి బూట్లతో వచ్చాడు, ఆడతానన్నాడు. మిగతా పదిమందికీ ఉత్త కాళ్ళు. ఆయన అందరి కాళ్ళ వంకా చూసి, ఏమీ అనకుండా బూట్లు విప్పి గట్టు మీద పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళు ఆడినా మళ్ళీ బూట్లు తొడుక్కోలేదు. ఎడమవైపు నుంచి పరుగెత్తుకొస్తుంటే ఆయన పంచె చెంగు ఎగిరేది, దొరగారి పరుగు అని నవ్వేవాళ్ళు. నేలెవరిదండీ అని ఎవరో అడిగితే "మాదే, ఆడుకోండయ్యా, నేనేమన్నా నెత్తిన పెట్టుకుపోతానా" అన్నాడు. అంతే, గ్రౌండు ఇవ్వడం అయిపోయింది. కాగితం అడగాలని ఎవరికీ తోచలేదు. తోచినా అడిగి ఉండరు, ఇచ్చిన మనిషిని కాగితం అడిగితే ఆయన మొహం ఎలా చూస్తారు?

అయితే ఆయన పెట్టని షరతు ఒకటి వీళ్ళే పెట్టుకున్నారు. కార్తీకం వెళ్ళి కోతలు మొదలయ్యేసరికి ఆ ఎత్తు నేల రావుగారి పొలానికి కళ్ళం అయ్యేది. కుప్పలు వెయ్యాలి, నూర్పిళ్ళు కావాలి, పశువులు గుండ్రంగా తిరగాలి, మధ్యలో గోలు గుంజలు అడ్డం. మొదటి ఏడు ఆయన "ఉండనివ్వండయ్యా, పక్కనుంచి తిప్పుకుంటాం" అన్నాడు. అంత మాట అనిపించుకున్నాక ఎలా ఉంచుతారు? తెల్లారేసరికి నాలుగు సరుగుడు గుంజలూ పెరికి తెచ్చి ఖాదర్ ఇంటి వసారాలో గోడవారగా పడుకోబెట్టారు. పశువు కాలు దిగబడకుండా గుంతల్లో గడ్డి కుక్కారు. గడ్డి కుక్కితే ఇంకో లాభం కూడా ఉంది, గుంత పూడిపోదు, పండగ వెళ్ళాక గడ్డి లాగేసి అదే గుంతలో అదే గుంజ దించుకోవచ్చు. నూర్పిళ్ళయిన నేల పశువుల గిట్టల కింద నలిగి నలిగి సిమెంటు చేసినట్టు గట్టిపడేది. అలాంటి గ్రౌండు చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఎలీయాజరు అని మండవల్లి నుంచి వచ్చి ఆడేవాడు ఒకడుండేవాడు, వాడు కొల్లేట్లో వాడి పారేసిన చేపల వలలు తెచ్చిస్తే వాటినే గోలుకి కట్టుకునేవాళ్ళు. ఎంత ఉతికినా నీచు వాసన పోయేది కాదు. గోల్‌కీపరుకి ఆ వాసనే ఇల్లు. ఇప్పటికీ చేపల బజారు మీదుగా వెళ్తే ఖాదర్ మోకాళ్ళు తమంతట తామే కాస్త వంగుతాయి.

చేబ్రోలు దాటింది. కిటికీ బయట కోతలే. మనుషులు లేరు, పెద్ద యంత్రం ఒకటి చేలో తిరుగుతూ కోత, నూర్పిడీ అన్నీ అదే చేసేస్తోంది, వెనకాల కొంగలు వరసగా నడుస్తున్నాయి. కళ్ళంతో దానికి పనే లేదు. ఆమాటకొస్తే గట్టు గ్రౌండుకి వరి రావడం మానేసి కూడా చాలా ఏళ్ళయింది. రావుగారి పొలం ముక్కలై ముందు పక్కన కల్యాణ మండపం లేచింది, తర్వాత ఇళ్ళ స్థలాలు, తర్వాత అపార్టుమెంట్లు. వరి లేదు, పశువు లేదు, నూర్పిడి లేదు. అయినా ఏటా కోతల వేళకి గట్టు టీము గుంజలు పెరికి తీసుకెళ్ళి ఖాదర్ వసారాలో పెడుతూనే ఉంది, నెల తిరిగాక మళ్ళీ పాతుతూనే ఉంది. ఎందుకు మామూ అని ఒకసారి జాహిద్ అడిగాడు. ఎందుకేమిట్రా, తీస్తాం కాబట్టి తీస్తాం. ఆ నెలా గ్రౌండు ఖాళీగా, ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు ఉండేది. పిల్లలు రోడ్డు మీద ఆడుకునేవాళ్ళు.

ముందు సీట్లో తెల్లచొక్కా ఆయన సెల్‌ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు, స్థలమట, తూర్పు ముఖమట, ఈ నెలాఖరులోపు అయిపోవాలట. రెండేళ్ళుగా ఏలూరులో ఎక్కడ విన్నా ఇదే మాట. గ్రౌండు కొనబోతున్న చిట్టిబాబు గారు కూడా ఇలాగే ఫోన్లో మాట్లాడుతూనే గ్రౌండు చుట్టూ తిరిగాడు. ఆకివీడు వైపు మనిషి, చేపల చెరువుల మీద పైకొచ్చినవాడు. పోయినేడు కొల్లేట్లో గవర్నమెంటు వాళ్ళు చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఆయనవీ పోయాయట. ఉన్నదంతా ఊడ్చి తెచ్చి టౌన్లో పెడుతున్నాడు. ఆయన్ని తిట్టుకోవాలనే ఖాదర్ వెళ్ళాడు ఆ రోజు, తీరా చూస్తే కళ్ళకింద నల్లగా, నిద్రలేని మనిషి. "మాదీ నీళ్ళపాలేనండీ, ఏదో పిల్లల కోసం ఇలా" అన్నాడు. ఇంకేం తిడతాడు? ఆ చెరువులు రాకముందు అవే చోట్ల ఎండాకాలం కొల్లేరు వెనక్కి తగ్గితే పర్రనేల బయటపడేది, కొల్లేటికోట వాళ్ళతో అక్కడ మ్యాచి. ఎర్రటి ఎండ, నేలంతా బీటలు, బంతి ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి, ఆట అయ్యాక పడవల నీడన కూర్చుని చేపల పులుసు, అన్నం. తర్వాత అక్కడ గట్లు వేశారు, ఆ గ్రౌండు చెరువుల కిందికి పోయింది. ఎవరూ ఏమీ అనలేదు, వాళ్ళ నేల వాళ్ళిష్టం అనుకున్నారు. ఆ చెరువుల డబ్బే ఇప్పుడు తిరిగి తిరిగి గట్టు గ్రౌండు మీదికొచ్చింది. ఈసారైనా ఏమైనా అనాలని టీమంతా ఖాదర్‌ని పట్టుకుంది.

పూళ్ళ. ఇక్కడే పొద్దున ఆ మాట నున్నబడింది. ప్రదీప్‌ని అడిగి చూశారు ముందు. రావుగారి అబ్బాయి, బెజవాడలో వ్యాపారం, ఐదేళ్ళ పిల్లాడప్పుడు ఇదే గ్రౌండులో బంతి తన్నితే ఖాదర్ కావాలని అటుపక్కకి దూకి గోలు వదిలేసేవాడు. వాడి నవ్వు చూడ్డానికి ఎన్ని గోల్స్ వదిలాడో లెక్కలేదు. మనిషి మర్యాదగానే ఉన్నాడు, కుర్చీ వేసి కాఫీ ఇప్పించాడు. "మీరంటే నాకు గౌరవమేనండీ. కానీ అప్పటి మాటలు ఇప్పుడు ఎలా కుదురుతాయండీ?" అన్నాడు. అప్పుడే లాయరు అబ్బాయిరాజు గారి దగ్గరికి వెళ్ళారు. ఆయన విని, అమ్మకం మీద కోర్టులో కేసు వేయించి, కళ్ళజోడు తీసి, రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, పెద్దాయన చేత ఒక్క మాట చెప్పించండి, ఆటకే ఇచ్చానని, దానితో సగం పని అయిపోతుంది. రెండోది, సోమవారం కోర్టు తరఫున మనిషి చూడ్డానికి వస్తాడు, అప్పటికి అది గ్రౌండులా కనబడాలి. "ఏటా ఈ రోజుల్లో గుంజలు పెరికేస్తారటగా? ఏమిటండీ మీ పద్ధతి! ఈ ఒక్క ఏడూ వాటి జోలికి వెళ్ళకండి. గుంజలుంటే గ్రౌండు, లేకపోతే ఖాళీ స్థలం, అంతే." ఆ మాట కుర్రాళ్ళకి బాగా పట్టింది. ఈ కోతల వేళ గుంజలు తీయలేదు, పైగా షాకిర్ కొత్తగా సున్నం కొట్టాడు. వారం రోజులుగా ఖాదర్ అటు వెళ్ళినప్పుడల్లా ఏదో సిగ్గు, ఒకరింట్లో చెప్పులతో నడుస్తున్నట్టు. పైకి చెప్పలేదు. గ్రౌండు కోసం ఆ మాత్రం సిగ్గు దిగమింగలేనా అనుకున్నాడు.

దిగమింగేవాడే, ఆ వరండాలో కూర్చోకపోతే. గేటు దగ్గరే వెంకటనరసమ్మ గారు ఎదురొచ్చింది, రావుగారి భార్య. ఈ మనిషి కలిపిన పులిహోరే కదా నూర్పిళ్ళయిన రోజున టీముకంతటికీ వచ్చేది. కూతురు దుర్గాభవాని ఇంట్లో ఉంటున్నారు ఇద్దరూ, ఆయనకి పక్షవాతం వచ్చినప్పటినుంచీ. చెయ్యి పట్టుకున్నంత పని చేసి గొంతు తగ్గించి, "ఖాదరూ, ఆయనకి తెలియదు" అంది. ఏది తెలియదో ముందు అర్థం కాలేదు. "అబ్బాయి అమ్ముతున్నాడని తెలియదు. సంతకాలు ఏవో చేయించుకున్నాడు, హాస్పిటల్ కాగితాలనుకున్నారు ఆయన. ఇప్పుడు తెలిస్తే తట్టుకోలేరు. నీకు దణ్ణం పెడతాను, ఆయన ముందు ఆ మాటెత్తకు." ఆవిడ నిజంగానే చేతులెత్తింది. ఖాదర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "లేదండీ అమ్మగారండీ, ఊరికే చూడ్డానికొచ్చానండీ" అనేశాడు. అక్కడే ఓడిపోయాడు, తర్వాత జరిగింది ఒట్టి ఆలస్యం.

ఆయన పడక్కుర్చీలో ఉన్నారు. సగం మొహం జారింది, ఆ ఎడమకాలు, ఆ పరుగులు పెట్టిన కాలే, దుప్పటి కింద కదలకుండా పడుంది. అయినా ఖాదర్‌ని చూడగానే మంచివైపు కన్ను మెరిసింది. "గోలీ వచ్చాడే" అన్నారు భార్యతో, మాట ముద్దగా. మనవాళ్ళు బాగా ఆడుతున్నారా? ఆడుతున్నారండీ. గ్రౌండు బాగుందా? బాగుందండీ. ఏలూరు బాగుందా? బాగుందండీ. ఇలా ఎన్ని అండీలు చెప్పాడో. ఏం చెబుతాడు, మండపం వాళ్ళు పెట్టే మైకులో పెళ్ళిపాటలు తప్ప గట్టు మీద ఇప్పుడేమీ వినబడవని చెబుతాడా, గోలు వెనక మేడలో కొత్తగా దిగినవాళ్ళు బంతి అద్దానికి తగిలిందని పోలీసుల్ని పిలిచారని చెబుతాడా, ఆదివారం మంగలి కొట్టు మూయడం మాట అలా ఉంచి అసలు ఆ కొట్టే లేదని, దాని చోట అద్దాల షోరూము వచ్చిందని చెబుతాడా. నున్నటి మాట నాలిక చివరి దాకా వచ్చింది. నరసమ్మ గారు గుమ్మంలో నిలబడి ఉంది. అంతలో ఆయనే ఏదో గుర్తొచ్చినట్టు ముందుకు వంగబోయి, వంగలేక, "ఖాదరూ, కోతలు మొదలయ్యాయి కదా. గుంజలు తీసేశారా?" అన్నారు.

నలభై ఏళ్ళలో ఆయన నోట ఎప్పుడూ రాని మాట. ఒక్కసారీ తీయమనలేదు, తీశారా అనలేదు. "నేను అడగకూడదు, మీరే తీసుకెళ్ళేవారు ఎప్పుడూ. పడుకుంటే ఇలాంటివే గుర్తొస్తున్నాయి నాకు. పశువు కాలు ఇరుక్కుంటుందేమోనని భయం" అన్నారు. అనేసి పిల్లాడిలా ఖాదర్ మొహంలోకి చూశారు. ఇప్పుడు పశువులూ నూర్పిళ్ళూ లేవని ఆ చూపుకి ఎవరు చెప్పగలరు? "తీసేశామండీ" అన్నాడు ఖాదర్. "గుంతల్లో గడ్డి?" "పెట్టామండీ." ఆయన వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. మీరు లేకపోతే ఈ నూర్పిళ్ళు ఎలా అయ్యేవి అని గొణిగారు. కాసేపటికి నిద్రపోయారు. వచ్చేటప్పుడు నరసమ్మ గారు ఈ బుట్ట చేతిలో పెట్టి, "మరియంబీకి ఇవ్వు, గడ్డిలోనే ఉంచమను, రెండ్రోజుల్లో పండుతాయి" అని, ఇంకేదో అనబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భీమడోలు వెళ్ళిపోయింది, దెందులూరు కూడా. తెల్లచొక్కా ఆయన ఎక్కడో దిగిపోయాడు. పిల్ల నిద్రపోయింది. జాహిద్‌తో అబద్ధం చెప్పవచ్చు. ఆయన స్పృహలో లేరురా అంటే ఎవరూ కాదనరు, సోమవారం దాకా గుంజలు ఉంటాయి, కోర్టు మనిషి చూస్తాడు, ఏమో, గ్రౌండు నిలవవచ్చు కూడా. ఆ పెద్దాయన గూడెంలో కుర్చీలోంచి లేచి వచ్చి చూడబోతారా? చూడరు. ఇక ఎప్పటికీ చూడరు. అందుకే కదా ఇంత బరువు. చూసేవాడైతే బతిమాలుకోవచ్చు, కోప్పడితే పడవచ్చు. తీసేశామండీ అన్నాడు, ఆ మాట నమ్మి మనిషి నిద్రపోయాడు. పాతిన గుంజలు అక్కడ సున్నం కొట్టుకుని తెల్లగా నిలబడి ఉంటే ఆ నిద్ర కింద తను అబద్ధం పరిచినట్టే. నలభై ఏళ్ళు ఆ నేల మీద ఎగిరి, పడి, మోకాళ్ళు కొట్టుకుపోయి, చివరికి ఇచ్చినవాడి దగ్గరే దొంగమాట. లేదు, వల్లకాదు. అలాగని కుర్రాళ్ళ మొహాలు? జాహిద్ పుట్టిన ఏడే కదా ట్రోఫీ గెలిచింది, వాణ్ణి గుడ్డలో చుట్టి ఆ గ్రౌండు మధ్యలో పడుకోబెట్టి చుట్టూ డప్పులు కొట్టారు. వాళ్ళకి ఇవ్వడానికి ఇంకేముంది తన దగ్గర? ఏలూరు లైట్లు కనబడుతున్నాయి. ఇదివరకు మసీదు మినారు ముందు కనబడేది, ఇప్పుడు అపార్టుమెంట్ల నీళ్ళ ట్యాంకులు కనబడ్డాక దాన్ని వెతుక్కోవాలి. వెతికేలోపు బండి ఆగింది. పొద్దు వాలుతోంది.

అనుకున్నట్టే ఉన్నారు, ఆరుగురో ఏడుగురో. జాహిద్ బుట్ట అందుకోబోయాడు, ఖాదర్ ఇవ్వలేదు.

"అడిగారా మామూ?"

"నేను అడగలేదురా. ఆయనే నన్ను అడిగారు. కోతలు మొదలయ్యాయి, గుంజలు తీసేశారా అని."

వెనకాల బండి కూత వేసింది.

"మీరేమన్నారు?" అన్నాడు షాకిర్. వాడి గోళ్ళ సందుల్లో ఇంకా సున్నం ఉంది.

"తీసేశామని చెప్పాను."

షాకిర్ గిరుక్కున అటు తిరిగి సిమెంటు బల్లని ఒక్క తన్ను తన్నాడు. "కొంప ముంచేశారు మామూ! సోమవారం దాకా ఆగలేకపోయారా? ఆయనకేం తెలుస్తుంది ఉన్నాయో తీశామో?" వాడు చెప్పిందంతా నిజమే. నరసమ్మ గారు గేటు దగ్గర అన్నదీ, ఆయన పశువు కాలు గురించి భయపడిందీ, వెనక్కి వాలి నిద్రపోయిందీ ఖాదర్ మెల్లగా చెప్పాడు. చెబుతుంటే బండి కదిలి వెళ్ళిపోయింది, ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. షాకిర్ బల్ల మీద కూర్చుని మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. జాహిద్, ఎవరి వంకా చూడకుండా, "గడ్డపార ఎవరింట్లో ఉంది?" అన్నాడు.

"మా ఇంట్లో" అన్నాడు షాకిర్, చేతుల్లోంచి మొహం తీయకుండానే. లేచి నిలబడ్డాడు. "తీస్తాం సరే, గుంతల్లో పెట్టడానికి గడ్డి ఏదీ? ఇప్పుడు ఏలూరులో ఎక్కడ దొరుకుతుంది గడ్డి?"

ఖాదర్ వంగి బుట్ట నేల మీద పెట్టాడు. సీతాఫలాలు ఒక్కొక్కటీ తీసి వాళ్ళ చేతుల్లో పెట్టాడు, అవి ఇంకా గట్టిగా ఉన్నాయి. అడుగున మిగిలిన గడ్డి రెండు చేతులతో పోగు చేశాడు. నాలుగు గుంతలకి అది ఏ మూలకీ రాదు. "ఒక్కో గుంతకి కాస్త పెడదాం" అన్నాడు, దాన్ని ఒళ్ళోకి తీసుకుని. చీకటి పడేలోపు అవ్వాలని అందరూ గబగబా గట్టు వైపు నడిచారు.